నేను పొగ మాన్పించిన గుహ

పోయిన నెల కాన్‌బెర్రాలో మేముండే గంగాలిన్‌లో, మా చర్చి వాళ్లింట్లో భోజనాలప్పుడు హారిక అనే అమ్మాయి ప్లేటు పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. సిడ్నీ శివారు స్కోఫీల్డ్స్‌లో వాళ్ల అక్క దగ్గర ఉంటూ చదువు పూర్తి చేసింది. పాత చిత్రాలు, కట్టడాలు పాడవకుండా చూసే ల్యాబ్‌లో ఇక్కడ ఉద్యోగం వచ్చిందట.

"ఆంటీ, మీరు ఇదే ఫీల్డ్‌లో థర్టీ ఇయర్స్ చేశారంట కదా. యూనిలో చెప్పింది కాదు, యాక్చువల్‌గా జాబ్‌లో ఏముంటుందో చెప్పండి," అంది.

నేను నోరు తెరిచేలోపు పక్కనున్నాయన "సుగుణ గారు రాళ్లకి డాక్టరమ్మా" అన్నాడు. అందరూ నవ్వారు. మాట బిర్యానీ మీదికి వెళ్లిపోయింది. ఆ అమ్మాయి మాత్రం ఇంకా నా వైపే చూస్తూ ఉంది. అప్పుడు చెప్పలేనిది ఇప్పుడు రాస్తున్నాను. హోదాలు, ఇంక్రిమెంట్లు, సెమినార్లు ఇందులో ఉండవు. అవి ఎవరైనా చెబుతారు.

రాయి ముందు కూర్చోవడం

నా పని రాతి మీద మనుషులు వేసిన బొమ్మలు చెరిగిపోకుండా చూడడం. కొండ చరియల కింద, గుహల్లో, ఎర్రటి జేగురు మట్టితోనూ బొగ్గుతోనూ సున్నంతోనూ వేసినవి. నీరు కారుతుందా, ఉప్పు పొంగుతుందా, నాచు పడుతుందా, మేకలు ఒళ్లు రుద్దుకుంటున్నాయా అని చూసి, ఏం చెయ్యాలో రాసి ఇవ్వాలి. మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. కెమిస్ట్రీ చదివి, పెళ్లై ఈ దేశం వచ్చాక ఒక ప్రకటన చూసి చేరాను. పెయింట్ల కంపెనీ ఉద్యోగం అనుకుని వెళ్లానంటే ఇప్పుడు నవ్వొస్తుంది.

నా మొదటి బాస్ పేరు డగ్. పెద్దాయన, మాట తక్కువ. ఆస్ట్రేలియా ఉత్తరాన ఒక కొండకి నన్ను తీసుకెళ్లినప్పుడు పరికరాల పెట్టె మీద చెయ్యి వేసి, "ఇది ఇవాళ తెరవద్దు" అన్నాడు. మరేం చెయ్యాలని అడిగాను. "కూర్చో" అన్నాడు. ఐసు పెట్టె మీద కూర్చున్నాను. ఈగలు, ఎండ. మధ్యాహ్నం మూడు దాటాక బండ పైభాగంలో ఒక సన్నని తడి గీత కనపడింది. పొద్దున అది లేదు. ఎండకి పై మట్టి విచ్చుకుంటే లోపలి నీరు దారి చేసుకుని దిగుతోంది. మీటర్లు పెట్టి కొలిచి ఉంటే పొద్దున్న అంకె పొడి అనే చెప్పేది.

"చూశావా?" అన్నాడు. చూశానన్నాను. "సరే, ఇప్పుడు తెరువు" అన్నాడు.

ఆ పాఠం నాకు వంటబట్టిందనే చాలా ఏళ్లు అనుకున్నాను. సగమే పట్టిందని ఆ దీవికి వెళ్లాక తెలిసింది. రాయి ముందు కూర్చోవడం నేర్చుకున్నాను కానీ, మనిషి ముందు కూర్చోవడం నేర్చుకోలేదు.

దీవి

దాని పేరు రాయను. రాయవద్దని వాళ్లే అడిగారు. పసిఫిక్‌లో ఒక చిన్న దీవి అంటే చాలు. ఒక కొస నుంచి ఇంకో కొసకి పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి నడిచి చేరుకోవచ్చు. కొబ్బరి చెట్లు, తెల్లటి చర్చి, రెండు గదుల బడి. తూర్పు వైపు కొండ పొట్టలో గుహ. అందులో గోడంతా పడవలు. ఎర్ర పడవలు, నల్ల పడవలు, ఒకదాని మీద ఒకటి. ప్రతి పడవలోనూ తెడ్లు పట్టుకున్న మనుషులు. చేతి గుర్తులు కూడా ఉన్నాయి, కానీ చూసేవాళ్ల కళ్లు ఆగేది పడవల దగ్గరే.

విహార నౌకలు ఆ దారిన తిరగడం మొదలైంది. గుహని చూడ్డానికి జనం వస్తారు, ముందే జాగ్రత్త చెయ్యాలని వాళ్ల ప్రభుత్వం మా సంస్థని అడిగింది. అప్పటికి నా పై అధికారి ఫియోనా. చురుకైన మనిషి. "సుగుణా, పది రోజులు. రాగానే సిఫార్సులు కావాలి" అంది.

ఆ గుహకి కాపలా ఒక కుటుంబానిది. పెద్దావిడ పేరు నాలు. డెబ్బై దాటి ఉంటాయి. ఆవిడకి ఇంగ్లీషు రాదు. కూతురు ఎలిసా బడిలో టీచరు, మాటలన్నీ ఆమే ఇటు నుంచి అటు చేరవేసేది. మొదటి రోజే ఎలిసా నన్ను ఆంటీ అంది. వాళ్ల ఇంగ్లీషులోనూ వయసులో పెద్దవాళ్లు ఆంటీలే. నాకు ఇంటికి వచ్చినట్టు అనిపించింది. ఆదివారం వాళ్లతో పాటు చర్చికి వెళ్లాను. గుహ గురించి పాస్టరు నాలుని ఏమీ అడగడు, నాలు ఆయనకి ఏమీ చెప్పదు. ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని పాడతారు. మా ఊళ్లో మా అమ్మమ్మ కూడా ఇలాగే కొన్ని సంగతులు పాస్టరుగారికి చెప్పేది కాదు.

నేను వెళ్లిన మూడో రోజు గుహలోకి అడుగు పెట్టేసరికి లోపలంతా పొగ. నాలు ముందు గదిలో కొబ్బరి డొక్కలు పేర్చి, మీద పచ్చి ఆకులు కప్పి ముట్టించింది. మంట లేదు, దట్టమైన పొగ. కళ్లు మండాయి. కప్పు అంతా నల్లగా మసి. నా ప్రాణం ఉసూరుమంది.

"ఇది ఎప్పుడూ చేస్తారా?" అని ఎలిసాని అడిగాను.

"వానలకి ముందోసారి, తర్వాతోసారి. మా అమ్మమ్మ చేసేది, ఇప్పుడు అమ్మ చేస్తోంది."

"ఎందుకో అడుగు."

నాలు పొగ వైపు చూస్తూ చెప్పింది. ఎలిసా అనువదించింది. "సముద్రంలో పోయినవాళ్లకి దారి కనపడాలని. పొగ లేకపోతే ఎగిరేవి వచ్చి కూర్చుంటాయి. కూర్చుంటే పోవు."

ఎగిరేవి అంటే ఆత్మలు అనుకున్నాను. గౌరవంగా తల ఊపాను. నోట్‌బుక్‌లో ఒక్క వాక్యం రాసుకున్నాను: పూర్వీకుల కోసం పొగ, ఆచారం.

ఇప్పుడు ఆ వాక్యం చూస్తే సిగ్గేస్తుంది. చిన్నప్పుడు మా ఇంట్లో సాయంత్రమైతే పశువుల పాకలో వేపాకు పొగ వేసేవాళ్లు. ఎందుకని ఎవరైనా అడిగితే పురుగూ పుట్రా రాకుండా అని ఆరేళ్లప్పుడే చెప్పేదాన్ని. అదే పొగని సముద్రం మధ్యలో ఒక గుహలో చూసేసరికి నాకది ఆచారమైపోయింది. ముక్కు గుర్తుపట్టింది కానీ చదువు అడ్డొచ్చింది.

నేను రాసిచ్చింది

కాన్‌బెర్రా వచ్చి మూడు సంగతులు రాశాను.

గుహ నోటికి ఇనుప జాలీ తలుపు పెట్టాలి, తాళం నాలు కుటుంబం దగ్గరే ఉండాలి. ఇది సరైన సలహానే అని ఇప్పటికీ అంటాను. మేకలు ఆగిపోయాయి, గోడ మీద పేర్లు గీకే యాత్రికులూ ఆగిపోయారు.

రెండోది, లోపల పొగ వెయ్యకూడదు. మసి పేరుకుంటే రంగు కనపడదు, తుడిస్తే రంగు ఊడుతుంది. పుస్తకం ప్రకారం ఇందులో తప్పేమీ లేదు.

మూడోది సలహా కూడా కాదు. గుహ ఎడమ మూలలో ఒక పడవ ఉంది, అయిదుగురు మనుషులతో. రంగు తాజాగా ఉంది, గీత కొంచెం తడబడింది. మిగతావి వందల ఏళ్లవైతే అది మా తరంలోదని చూడగానే తెలుస్తుంది. దాని పక్కన నేను రాసింది: ఇటీవల చేర్చినది, ప్రాధాన్యం తక్కువ. పాత బొమ్మలన్నిటికీ ఒక్కొక్కదానికి పాతిక ఫొటోలు తీశాను. దీనికి ఒక్కటే తీశాను. అందులోనూ పడవ ముందు భాగమే పడింది. కెమెరా బ్యాటరీ మిగుల్చుకోవాలనుకున్నాను.

పొగ మానెయ్యాలని చెప్పడానికి నేను మళ్లీ వెళ్లలేదు. ఒక ఉత్తరం వెళ్లింది, దాన్ని ఎలిసా చదివి చెప్పింది. నాలు ఇంకోసారి చదవమందట. తర్వాత, "వాళ్లు చదువుకున్నవాళ్లు" అని ఊరుకుందట. మనం రాసే ఒక్క కాగితానికి అంత బలం ఉంటుంది. హారికా, నువ్వు ఇది ముందు గుర్తుపెట్టుకో. వాళ్లు మనతో వాదించకపోవచ్చు. వాదించలేదు కాబట్టి ఒప్పుకున్నారని అనుకోకు.

ఎగిరేవి

రెండేళ్లకి తనిఖీకి వెళ్లాను. తీరంలో ఎలిసా ఒక్కతే వచ్చింది. గుహ ఎలా ఉందని దారిలో అడిగాను. "మీరే చూడండి ఆంటీ" అంది.

గుహలో అడుగుపెట్టగానే సన్నగా జుమ్మనే శబ్దం. టార్చి వేశాను. గోడ మీద అక్కడక్కడా మట్టి. పిడికిళ్లంత గడ్డలు, గొట్టాల్లా వరసలు. మట్టిగూళ్లు కట్టే కందిరీగలు. పడవల మీద, చేతుల మీద, తెడ్ల మీద. గూడు ఆరాక రాయిలా బిగుస్తుంది. బరువెక్కి రాలిపోతే కింద ఉన్న రంగుని కూడా పట్టుకుని రాలిపోతుంది.

అప్పుడు తట్టింది. పొగ లేకపోతే ఎగిరేవి వచ్చి కూర్చుంటాయి. కూర్చుంటే పోవు. ఆవిడ నాకు సరిగ్గా ఇదే చెప్పింది. మామూలు మాటల్లో, కందిరీగల గురించి చెప్పింది.

పాత పడవలు చాలావరకు దక్కాయి. వాటి మీది మసి పొర పురుగులకి ఇంకా వాసన వేస్తోందేమో, గూళ్లు అక్కడక్కడే ఉన్నాయి. ఎడమ మూలలో మసి పల్చన. అక్కడ వేసిన అయిదుగురి పడవ లేదు. ఉన్నచోట తెల్లటి రాయి. ఒక తెడ్డు చివర మిగిలింది, అంతే.

నాలు బయట బండ మీద కూర్చుని ఉంది. ఒళ్లో బిస్కెట్ల డబ్బా. మూత తీసి చూపించింది. రాలిన మట్టి గడ్డలు, ఒక్కోదానికి ఒక పక్కన ఎర్రరంగు అంటుకుని. ఒక్కటి కూడా పారెయ్యకుండా ఏరి పెట్టింది.

"ఆ పడవ ఎవరిది?" అని అడిగాను. రెండేళ్ల కిందట అడగాల్సిన మాట.

ఎలిసా తల్లిని అడగకుండానే చెప్పింది. "మా మావయ్యది. అమ్మ తమ్ముడు. ఇంకో నలుగురితో చేపలకి వెళ్లాడు. నేను పుట్టకముందు. శవాలు దొరకలేదు. సముద్రంలో పోయి తిరిగిరాని వాళ్లకే ఇక్కడ పడవ వేస్తారు ఆంటీ. వాళ్లకి సమాధి ఇదే. అది మా తాతయ్య వేశాడు."

గోడ మీద ఉన్న ప్రతి పడవా అదేనన్నమాట. నేను గోడంతా బొమ్మల్ని చూశాను. అది శ్మశానమని నాకు తెలియలేదు. ఒక తండ్రి కొడుకు కోసం వేసిన సమాధికి ప్రాధాన్యం తక్కువ అని రాశాను.

నేను బండ మీద నాలు పక్కన కూర్చున్నాను. ఎలిసాతో చెప్పమన్నాను. "పొగ ఆపమని రాసింది నేను. తప్పు నాది. ఆవిడ చెప్పింది నాకు అర్థం కాలేదు, అర్థమైందని అనుకున్నాను."

ఎలిసా చెప్పింది. నాలు డబ్బా మూత పెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది. తర్వాత ఒక్క మాట అంది.

"ఏమంటోంది?"

"మీరు అన్నం తిన్నారా అని అడుగుతోంది" అంది ఎలిసా.

ఫియోనాతో

నివేదికలో అంతా ఉన్నదున్నట్టు రాశాను. పొగ ఆపమన్న సలహా నాదని, దానివల్లే కందిరీగలు చేరాయని, ఒక చిత్రం పూర్తిగా పోయిందని. ఫియోనా నన్ను తన గదిలోకి పిలిచి తలుపు వేసింది.

"వాతావరణ మార్పు వల్ల పురుగులు పెరిగాయి అనొచ్చుగా. అది అబద్ధం కాదు" అంది.

"అబద్ధం కాదు. కానీ కారణం అది కాదు."

"సుగుణా, ఇంకో మూడు దీవుల వాళ్లు మన సాయం కోసం ఎదురుచూస్తున్నారు. మనమే పాడు చేశామని రాస్తే అవన్నీ ఆగిపోతాయి."

ఫియోనా చెడ్డ మనిషి కాదు. ఆమె చెప్పిన మూడు దీవులూ నిజం, ఆమె భయమూ నిజం. పై అధికారి కుర్చీలో నేనుంటే ఏమనేదాన్నో నాకు తెలియదు. కానీ పొగ సంగతి రాయకపోతే ఆ మూడు దీవుల్లో ఎవరో ఒకరు మళ్లీ పొగ ఆపిస్తారు. అదే చెప్పాను. ఆమె పెన్ను మూత తీసి, పెట్టి, తీసి, "సరే, నీ పేరు మీదే వెళ్తుంది" అంది.

వెళ్లింది. ఏడాదిన్నర పాటు నన్ను ఏ దీవికీ పంపలేదు. మ్యూజియం గదుల్లో తేమ కొలుస్తూ కూర్చున్నాను. ట్రామ్ ఎక్కి ఆఫీసుకి వెళ్లడం, అంకెలు రాయడం, ఇంటికి రావడం. "పోనీ లెద్దూ, మంచి ఏసీ గదిలో పని" అన్నాడు మావారు. ఓదార్పుకే అన్నాడు, కానీ ఆ రోజు ఆయనతో సరిగా మాట్లాడలేదు. పొగ వెయ్యమని మాత్రం దీవికి వెంటనే కబురు వెళ్లింది. మిగతా దీవుల పనులు ఆలస్యమయ్యాయి కానీ ఆగలేదు. వాటిలో ఒకదానికి వెళ్లిన కుర్రవాళ్లు నా నివేదిక చదివి, అక్కడి ముసలాయన గోడకి రాసే చేపనూనె జోలికి వెళ్లలేదని తర్వాత విన్నాను.

ఇంతలో ఎలిసా నుంచి మెయిల్ వచ్చింది. తాతయ్య పడవని మళ్లీ వేద్దామని అమ్మ నిర్ణయించింది, మీ సంస్థ నుంచి ఎవరైనా ఉండాలని ప్రభుత్వం అంటోంది, అమ్మ మీరే రావాలంటోంది అని. ఫియోనా ఆ మెయిల్ చదివి, "వేరేవాళ్లని పంపుతానంటే ఆ పెద్దావిడ ఒప్పుకునేలా లేదు" అంది. టికెట్టు తనే తీయించింది.

అయిదుగురి పడవ

మా వృత్తిలో పోయిన బొమ్మని మళ్లీ గియ్యడం పెద్ద తప్పు. మిగిలినదాన్ని కాపాడాలి, పోయినదాన్ని పోయినట్టే ఉంచాలి. కొత్తగా చేరిన పిల్లలకి ఏళ్ల తరబడి ఇదే చెప్పాను. ఆ దీవిలో దిగేటప్పుడు కూడా, కనీసం పక్కన ఖాళీ రాయి మీద వెయ్యమని ఒప్పిద్దామనే ఉంది నా మనసులో.

నాలు చేతులు వణుకుతున్నాయి, అందుకని గీసేది ఎలిసా. గుహ ముందు నాలు బిస్కెట్ల డబ్బా తెరిచి, ఎర్రరంగు అంటిన మట్టి గడ్డల్ని రాతి మీద పోసింది. కొత్త జేగురు కలిపి నూరడం మొదలుపెట్టబోయింది.

నా చెయ్యి దానంతటదే ముందుకెళ్లింది. "ఆగమను ఎలిసా. పాత రంగు మిగిలింది ఆ ముక్కల మీదే. ల్యాబ్‌లో పరీక్షిస్తే తాతయ్య ఏ మట్టి వాడాడో తెలుస్తుంది."

నాలు నూరుడు బండ పట్టుకునే నవ్వింది. "ఏ మట్టో నాకు తెలుసు. మోసుకొచ్చింది నేనేగా" అందట.

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఒక్క ముక్క అడిగి తీసుకోవచ్చు, ఇచ్చేది కూడా. అడగలేదు. అది మంచి నిర్ణయమా అని ఇప్పటికీ కొందరు నన్ను నిలదీస్తారు. వాళ్ల వాదనలోనూ బలం ఉంది.

లోపల ఎలిసా ఎడమ మూలలో, తాతయ్య పడవ పోయిన చోటే నిలబడింది; పక్కన వెయ్యమనే మాట నేనిక ఎత్తలేదు. నేను తెచ్చిన ఒకే ఒక్క ఫొటో పట్టుకుని పడవ ముందు భాగం గీసింది. మిగతాది ఫొటోలో లేదు. తల్లి వైపు తిరిగింది. నాలు చెబుతూ పోయింది. ముందు కూర్చున్నది ఫలానా, పొడుగు మనిషి, అతని పక్కన వాళ్ల బావ. వెనక ఇద్దరు అన్నదమ్ములు, ఎప్పుడూ కొట్టుకునేవాళ్లు, వాళ్లని దగ్గరగా వెయ్యి. నా తమ్ముడు చివర. ఎలిసా ఒక్కొక్కరినీ వేసింది. నేను టార్చి పట్టుకుని నిలబడ్డాను.

పడవ పూర్తయిందనుకున్నాక నాలు ఇంకేదో చెప్పింది. ఎలిసా కుంచె ఆపి తల్లితో వాదించింది. కాసేపు ఇద్దరూ గట్టిగానే మాట్లాడుకున్నారు.

"ఏమైంది?" అన్నాను.

"వెనకాల ఇంజన్ వెయ్యమంటోంది ఆంటీ. తాతయ్య వేసినదాంట్లో ఇంజన్ లేదు, నాకు గుర్తుంది. లేనిది ఎలా వేస్తానన్నాను."

"మరి ఆవిడేమంది?"

ఎలిసా అనువదించింది. "మావయ్య ఊళ్లో మొదటగా ఇంజన్ కొన్నాడట. అది ఆగిపోవడం వల్లే వాళ్లు కొట్టుకుపోయారట. అంతకుముందే సముద్రంలో పోయిన పాతవాళ్లకి ఇంజన్ అంటే తెలియదు, వీళ్లని గుర్తుపట్టరు అని తాతయ్య తెడ్లు వేశాడట. అప్పుడే అమ్మ తప్పని చెప్పిందట, ఆయన వినలేదు. వాళ్లు ఎలా పోయారో అలాగే వెయ్యాలి అంటోంది."

ఎలిసా నా వైపు చూసింది. నియమాలు తెలిసిన మనిషిని కదా, నేను కాదంటే తల్లిని ఆపవచ్చు. అసలు చిత్రంలో లేనిది కొత్తగా చేర్చడం. నా వృత్తిలో దానికి మించిన నేరం లేదు.

"అమ్మ చెప్పినట్టు వెయ్యి" అన్నాను.

పడవ వెనక చిన్న చతురస్రం, కింద ఒక కాడ, దాని చివర మూడు రెక్కలు. పక్కింటి పిల్లాడు గీసినట్టు ఉంది. నాలు దగ్గరికి వెళ్లి చూసి, తడి ఆరని రంగుకి తగలకుండా గోడ మీద అరచెయ్యి ఆనించింది. తమ్ముడి పేరు పెట్టి ఏదో అంది. ఎలిసా దాన్ని అనువదించలేదు, నేను అడగలేదు.

మర్నాడు పొద్దున వాళ్లింటి అరుగు మీద కూర్చుని రికార్డు నింపాను. ప్రతి చిత్రానికీ మేం ఒక పత్రం రాస్తాం. రంగు, కొలత, వయసు, గీసినవారు. నేను వేలకొద్దీ పత్రాలు నింపాను, చివరి గడిలో ఎప్పుడూ "తెలియదు" అనే రాశాను. ఈసారి ఎలిసాని పిలిచి, ఆమె పేరు స్పెల్లింగ్ తప్పు పోకుండా అడిగి ఆ గడిలో రాశాను.